చమురు అయిపోవడం సరే, తగ్గడం మొదలైతే ఏమవుతుంది?

పడమటిగాలి:

అందరికీ నమస్కారం. ప్రశ్న కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

నేను చదువుకునే రోజుల్లో సైన్సు మాస్టారు "ఇంకో ముప్పై ఏళ్లలో భూమిలో చమురు అయిపోతుంది" అని చెప్పారు. ఆ ముప్పై ఏళ్లూ గడిచిపోయాయి. చమురు అయిపోలేదు సరికదా, అప్పటికంటే ఎక్కువే తోడుతున్నారు. మొన్న మా అమ్మాయి "ఇంకా 50 ఏళ్లకు సరిపడా నిల్వలున్నాయి" అని ఎక్కడో చదివి, "నాన్నా, మరి 51వ ఏడాది ఏం చేస్తారు?" అని అడిగింది. తెలియదమ్మా అన్నాను. నిజంగానే తెలియదు.

ఆ రాత్రి కూర్చుని చిన్న లెక్క వేశాను. ప్రపంచం రోజుకు దాదాపు 10 కోట్ల బ్యారెళ్లు వాడుతోంది, బ్యారెల్ అంటే 159 లీటర్లు, మనుషులం 800 కోట్ల పైచిలుకు. భాగిస్తే మనిషికి రోజుకు రెండు లీటర్లు తేలింది, నిన్న పుట్టిన పసిబిడ్డతో సహా. నేను బండి తీయని రోజున కూడా ఎక్కడో ఓడలోనో, ట్రాక్టర్లోనో, రోడ్డు మీద పోసే తారులోనో నా వంతు ఖర్చవుతూనే ఉందన్నమాట. ఇంత వాడకం రాత్రికి రాత్రి ఆగదని తెలుసు, కానీ మెల్లగా తగ్గడం మొదలైతే? అసలు తగ్గుతుందా? పాత అంచనాలు ఎందుకు తప్పాయి? తగ్గితే ముందు దెబ్బ ఎక్కడ తగులుతుంది? నా స్నేహితుడు "సోలార్ వచ్చేసింది కదా, నీకెందుకు టెన్షన్" అంటాడు. ఆ మాటతో నాకు ధైర్యం రావట్లేదు. ఈ రంగంలో పనిచేసినవాళ్లు, చదివినవాళ్లు ఉంటే తెలిసింది చెప్పండి. భయపెట్టొద్దు, బుజ్జగించనూ వద్దు.

బావిఊట:

పడమటిగాలి గారూ, మీ అమ్మాయి సరైన ప్రశ్నే అడిగింది. ఆ వాక్యం రాసిన తీరే తప్పుదోవ పట్టిస్తుంది. నేను ఇరవై ఏళ్లకు పైగా చమురు బావుల మీద పనిచేశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఆ 50 అనేది ఒక భాగహారం, అంతే. ఇప్పటి ధరకు, ఇప్పటి పద్ధతులతో తీయగలమని లెక్కగట్టిన నిల్వను ఒక ఏడాది వాడకంతో భాగిస్తారు. ధర పెరిగినా, కొత్త పద్ధతి వచ్చినా తీయగలిగే నిల్వ పెరుగుతుంది, అందుకే మీ మాస్టారి ముప్పై ఏళ్లు గడిచాక కూడా 50 మిగిలింది. (నిల్వల లెక్కల్లో రాజకీయం కూడా ఉందండి. 1980లలో చమురు ఎగుమతి దేశాల కూటమి ఒపెక్‌లో ఎవరు ఎంత తీయాలనే కోటాల తగువు నడిచినప్పుడు, పెద్ద క్షేత్రాలేవీ కొత్తగా దొరక్కుండానే చాలా సభ్య దేశాల నిల్వలు కాగితం మీద అమాంతం పెరిగాయి.) ఇక 50 ఏళ్లూ ఒకే ధారగా వచ్చి 51వ ఏడాది పొద్దున్నే ఆగిపోవడం అనేది ఏ బావిలోనూ జరగదు.

భూమి కింద చమురు చెరువులా ఉండదు. ఇసుకలో తడి ఉన్నట్టు రాతి సందుల్లో ఉంటుంది. ఎండిన ఏట్లో చెలమ తవ్విన వాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. మొదట్లో ముంచినకొద్దీ ఊరుతుంది, తర్వాత ఒక్క చెంబు నిండాలంటే కాసేపు కూర్చోవాలి. ఇసుకలో తడి ఇంకా బోలెడు ఉంటుంది, మనకు కావలసినంత త్వరగా మాత్రం రాదు. చమురు బావి కూడా అంతే. మొదట లోపలి ఒత్తిడికి తనంతట తానే ఎగదన్నుతుంది, ఒత్తిడి తగ్గాక నీళ్లో గ్యాసో లోపలికి పంపి నెట్టాలి, చివరికొచ్చేసరికి పైకి వచ్చేదాంట్లో చమురు కంటే నీళ్లే ఎక్కువ. కాబట్టి కింద ఎంత ఉందనే లెక్క కంటే, రోజుకు ఎంత పైకి వస్తోంది, దాన్ని తేవడానికి ఎంత పెట్టాల్సి వస్తోంది అన్న లెక్కే మనకు ముఖ్యం.

ఒక ఉదాహరణ చెప్తాను, మా పనిలో ఉన్నవాళ్లెవరూ మరచిపోరు. మెక్సికో తీరంలో కాంటరెల్ అనే క్షేత్రం ఉంది, సముద్రం మీద చమురు తెట్టు తేలడం చూసి చెప్పిన జాలరి పేరే దానికి పెట్టారు. ఒత్తిడి తగ్గకుండా 2000లో నైట్రోజన్ ఎక్కించడం మొదలుపెట్టారు. 2004కల్లా దిగుబడి రోజుకు 20 లక్షల బ్యారెళ్లు దాటింది, అందరూ సంతోషించారు. తర్వాత ఎనిమిదేళ్లలోనే 5 లక్షల లోపుకు పడిపోయింది. గట్టిగా పిండితే ఎక్కువ ఎత్తుకు ఎక్కుతాం, కానీ దిగేటప్పుడు మెట్లుండవు. ఉత్తర సముద్రంలో బ్రిటన్ దిగుబడి 1999లో, నార్వే చమురు 2001లో శిఖరం చేరి దిగడం మొదలుపెట్టాయి. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2008లో 800 క్షేత్రాలు పరిశీలించి, శిఖరం దాటినవి సగటున ఏడాదికి 6.7 శాతం చొప్పున తగ్గుతున్నాయని తేల్చింది. ఆ లెక్కన కొత్త క్షేత్రాలేవీ తెరవకుండా పదేళ్లు ఊరుకుంటే ఆ క్షేత్రాల దిగుబడి సగానికి వచ్చేస్తుంది. అంటే ఉన్నచోట నిలబడాలన్నా ఏటా పరిగెత్తాలి.

పరిగెత్తడానికి చోటు కూడా తగ్గుతోంది. కొత్త క్షేత్రాలు అత్యధికంగా దొరికింది 1960లలో. 1980ల నుంచి దాదాపు ఏటా దొరికేదానికంటే తాగేదే ఎక్కువ. సౌదీలో ఘవార్ 1948లో దొరికింది, ఈ రోజుకీ ప్రపంచంలో దానంత క్షేత్రం ఇంకొకటి లేదు. మన తాతల కాలంలో దొరికినదాని మీదే మనం ఇంకా నడుస్తున్నాం.

రెండోవైపు:

బావిఊట గారు చెప్పిన లెక్కల్లో తప్పేమీ లేదు. కానీ ఇదే లెక్కలు పట్టుకుని నేను ఒకసారి బాగా దెబ్బతిన్నాను కాబట్టి అవతలి వైపు కూడా చెప్పాలి.

కింగ్ హబ్బర్ట్ అని ఒక భూగర్భ శాస్త్రవేత్త ఉండేవాడు, షెల్ అనే చమురు కంపెనీలో పనిచేసేవాడు. 1956లో, అమెరికా చమురు దిగుబడి 1965, 1970 మధ్య శిఖరం చేరి తర్వాత తగ్గుతుందని చెప్పాడు. అప్పట్లో పెద్దగా ఎవరూ లెక్కచేయలేదు. 1970లో రోజుకు 96 లక్షల బ్యారెళ్ల దగ్గర నిజంగానే శిఖరం వచ్చింది, 2008కల్లా 50 లక్షలకు దిగింది. ఇంత కచ్చితంగా కుదిరాక నమ్మకుండా ఎలా ఉంటాం? 2008 జులైలో బ్యారెల్ 147 డాలర్లకు వెళ్లినప్పుడు నేను ఇక పెద్ద పతనం మొదలైందనే అనుకున్నాను. ఇంట్లో వాళ్లతో గొడవపడి మరీ పెద్ద నిర్ణయాలు తీసుకున్నాను, వాటి ఖర్చు చాలా ఏళ్లు మోశాను.

తర్వాత జరిగింది మీకు తెలుసు. గట్టి రాతిలోకి అడ్డంగా బావి తొలిచి, నీళ్లూ ఇసుకా ఒత్తిడితో కొట్టి, రాయిని పగలగొట్టి చమురు తీయడం మొదలైంది, దీన్నే షేల్ చమురు అంటారు. హబ్బర్ట్ అంచనాలో ఈ పద్ధతీ లేదు, ధరా లేదు. 2018లో అమెరికా తన పాత 1970 రికార్డును దాటేసింది, ఇప్పుడు రోజుకు 1 కోటి 30 లక్షల బ్యారెళ్ల చుట్టూ ఉంది. 2020 ఏప్రిల్ 20న అమెరికా చమురు ధర సున్నా కిందికి, మైనస్ 37 డాలర్లకు పోయింది. కొనేవాడు లేక, నింపడానికి ట్యాంకులు లేక, తీసుకెళ్లేవాడికే ఎదురు డబ్బివ్వాల్సి వచ్చిన రోజది.

నేను ఇప్పుడు నమ్మేది ఏమిటంటే, బావులు ఎండేలోపు వాడకమే తగ్గొచ్చు. నార్వేలో 2024లో అమ్మిన కొత్త కార్లలో పదింటికి దాదాపు తొమ్మిది కరెంటువి, అది కూడా చమురు అమ్ముకుని బతికే దేశంలో. అందుకే పడమటిగాలి గారూ, జాగ్రత్త మంచిదే కానీ తేదీ చెప్పి భయపెట్టే వాళ్లను మాత్రం నమ్మి ఇల్లూ ఉద్యోగం మార్చుకోకండి. నేను చేసిన తప్పు మీరు చేయొద్దు.

బావిఊట:

రెండోవైపు గారూ, తేదీలు చెప్పడం తప్పే, ఒప్పుకుంటాను. కానీ షేల్‌ను మా వైపు నుంచి చూడండి. మామూలు బావి ఏళ్ల తరబడి నిదానంగా తగ్గుతుంది, షేల్ బావి మొదటి ఏడాదిలోనే సగానికి పైగా పడిపోతుంది. పక్కనే ఇంకోటి, దాని పక్కన మరోటి తవ్వుతూ పోవాలి, రిగ్గు ఆగిన నెలల్లోనే మొత్తం దిగుబడి జారడం మొదలవుతుంది. సంప్రదాయ ముడి చమురు 2006లోనే, రోజుకు 7 కోట్ల బ్యారెళ్ల దగ్గర శిఖరం చేరిందని అంతర్జాతీయ ఇంధన సంస్థే 2010 నివేదికలో రాసింది. ఆ తర్వాత పెరిగినదంతా చాలావరకు షేల్, తారు ఇసుక (తారులాంటి చిక్కటి చమురు అంటుకున్న ఇసుక), గ్యాసుతో పాటు వచ్చే తేలిక ద్రవాలు. ఆ లెక్కన సంప్రదాయ చమురు విషయంలో మీరు 2008లో పడిన భయం పూర్తిగా తప్పు కాదు. ఖరీదైన చమురు వచ్చి ఆ లోటును కప్పేసింది.

ఇంకో మాట. చమురు తీయడానికీ ఇంధనం కావాలి. 1859లో డ్రేక్ పెన్సిల్వేనియాలో తవ్విన బావి లోతు 70 అడుగులు కూడా లేదు. ఇప్పుడు కిలోమీటరున్నర నీళ్లు దాటి, దాని కింద ఇంకొన్ని కిలోమీటర్లు రాయి తొలచాల్సి వస్తోంది. కెనడా తారు ఇసుకను చాలాచోట్ల ఆవిరితో కరిగించి తీస్తారు, ఆ ఆవిరి కోసం బోలెడు గ్యాసు మండిస్తారు. బావి నుంచి వచ్చే శక్తిలో బావికే తిరిగి పెట్టాల్సిన వంతు పెరుగుతూ పోతే, లెక్కల్లో బ్యారెళ్లు తగ్గకపోయినా జనానికి మిగిలేది తగ్గుతుంది. ఇది ధరల పట్టికలో కనబడదు, నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

సరుకుబండి:

ఇద్దరూ బావి దగ్గరే ఆగిపోయారు, నేను బావి నుంచి బయటికి వస్తాను. నేను సరుకు రవాణాలో ఉన్నాను, లారీలు పంపించే పని. పడమటిగాలి గారు అడిగిన "ముందు దెబ్బ ఎక్కడ" అన్నదానికి నా జవాబు ఒక్కటే మాట, డీజిల్.

అందరూ చమురు అనగానే కారూ పెట్రోలూ అంటారు. కారు ఆగితే ఇబ్బంది, డీజిల్ ఆగితే తిండి ఆగుతుంది. దున్నే ట్రాక్టరు, కోసే యంత్రం, మోసే లారీ, గనిలో తవ్వే యంత్రం, ఇవన్నీ దాదాపుగా డీజిల్ మీదే. ఒక లీటరు డీజిల్ ఇంజన్లో పోస్తే వచ్చే పనిని మనిషి ఒళ్లొంచి చేయాలంటే ఐదారు రోజులు పడుతుంది. అదే పనిని మనం ఇంత చవగ్గా చేయించుకుంటున్నాం కాబట్టే కొద్దిమంది పండిస్తే మిగతా అందరం వేరే పనులు చేసుకుంటున్నాం.

2000 సెప్టెంబరులో బ్రిటన్‌లో ఏం జరిగిందో చూడండి. పన్నులు ఎక్కువయ్యాయని లారీల వాళ్లు, రైతులు రిఫైనరీల ముందు, డిపోల ముందు అడ్డంగా నిలబడ్డారు. బావుల్లో చమురు తగ్గలేదు, ఓడలు రావడం ఆగలేదు, కేవలం ట్యాంకర్లు బయటికి కదల్లేదు. కొద్ది రోజుల్లోనే బంకుల్లో చాలావరకు ఖాళీ, దుకాణాల్లో రొట్టెలకూ పాలకూ మనిషికి ఇంతని పరిమితి, ఆస్పత్రులు అత్యవసరం కాని ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. ఏ రోజు సరుకు ఆ రోజు వచ్చేలా అంతా అమర్చుకున్నాం, గోదాముల్లో వారాల తరబడి నిల్వ పెట్టుకునే రోజులు పోయాయి. మా వాళ్లు దీన్ని పొదుపు అంటారు. నాకైతే ఊతకర్ర తీసేసి బరువు తగ్గిందని సంతోషపడటం లాగా అనిపిస్తుంది.

రిఫైనరీ గురించి కూడా ఒక సంగతి చెప్పాలి. బ్యారెల్ ముడి చమురు తీసుకుని మొత్తం డీజిల్‌గా మార్చేయలేరు. అందులో గ్యాసు, నాఫ్తా (ప్లాస్టిక్కుల తయారీకి వాడే తేలిక ద్రవం), పెట్రోలు, విమాన ఇంధనం, డీజిల్, కొలిమి నూనె, తారు అన్నీ కలిసే వస్తాయి, కొంతవరకే అటూ ఇటూ మార్చగలరు. షేల్ చమురు తేలికది, దాన్నుంచి పెట్రోలూ నాఫ్తా ఎక్కువ వస్తాయి, డీజిల్ తక్కువ. కాబట్టి "ఇన్ని కోట్ల బ్యారెళ్లు ఉన్నాయి" అన్నా అందులో నాకు కావలసిన వంతు ఎంతో చూడాలి. రేపు కార్లన్నీ కరెంటుకు మారిపోయినా నా లారీలకు డీజిల్ కావాలి, ఆ డీజిల్ కోసం చమురు శుద్ధి చేస్తే పెట్రోలు ఎలాగూ వస్తుంది, దాన్ని ఏం చేస్తారు?

ఎవరూ మాట్లాడనిది ఇంకొకటుంది, గంధకం. చమురునూ గ్యాసునూ శుభ్రం చేసేటప్పుడు తీసే గంధకమే ఇప్పుడు ప్రపంచంలో వాడే గంధకంలో అత్యధిక భాగం. దాంతో సల్ఫ్యూరిక్ ఆమ్లం చేస్తారు, ఆ ఆమ్లం పోస్తేనే ఫాస్ఫేటు రాయి ఎరువుగా మారుతుంది. యూరియా సంగతి వేరు, అది ఎక్కువగా సహజవాయువు నుంచి వస్తుంది, కొన్నిచోట్ల బొగ్గు నుంచి. చాలామంది ఎరువులన్నీ చమురుతోనే చేస్తారనుకుంటారు, అది పొరపాటు. ఫాస్ఫేటు ఎరువు మాత్రం రిఫైనరీతో ఇలా ముడిపడి ఉంది.

పడమటిగాలి:

అందరికీ చాలా థాంక్స్. చెలమ పోలిక అమ్మాయికి చెప్పాను, వెంటనే అర్థమైంది. గంధకం విషయం చదివి నేనే ఆశ్చర్యపోయాను.

ఇప్పుడు నాకు రెండు సందేహాలు మిగిలాయి. సోలార్, గాలి మరలు ఇందులో ఎంతవరకు ఆదుకుంటాయి? అలాగే, ఇంతకు ముందు ఏ దేశానికైనా నిజంగా చమురు తగ్గిన అనుభవం ఉందా? వాళ్లు ఎలా నెట్టుకొచ్చారు?

నిదానం:

మీ స్నేహితుడి సోలార్ మాటతో మొదలుపెడతాను. ప్రపంచంలో చమురు మండించి తీసే కరెంటు మొత్తం కరెంటులో 3 శాతం కంటే తక్కువే. కాబట్టి సోలార్ పలకలు పెట్టినంత మాత్రాన నేరుగా తగ్గేది బొగ్గూ గ్యాసూ. చమురు తగ్గాలంటే చమురుతో నడిచే యంత్రం మారాలి, అది వేరే పని. కిలో పెట్రోలులో 12 యూనిట్ల శక్తి ఉంటుంది, కిలో లిథియం బ్యాటరీలో పావు యూనిట్. కరెంటు మోటారు మూడు రెట్లు మెరుగ్గా వాడుకుంటుంది కాబట్టి తేడా కొంత తగ్గుతుంది, అయినా దాదాపు పదహారు రెట్లు మిగులుతుంది. కారుకూ బస్సుకూ ఇది సమస్య కాదు. పట్టాల మీద రైలుకు అసలు బ్యాటరీయే అక్కర్లేదు, పైన తీగ చాలు. పొలం మధ్యలో రోజంతా బరువు లాగే యంత్రానికి కష్టం, సముద్రాలు దాటే విమానానికి మరీ కష్టం. ఓడల విషయంలో ఒక ఊరట ఉంది. ఓడలు మోసే సరుకులో బరువు లెక్కన దాదాపు 40 శాతం బొగ్గు, చమురు, గ్యాసే. ఇంధనాల వాడకం తగ్గితే వాటిని మోసే ఓడల పనీ తగ్గుతుంది.

అయితే మీ స్నేహితుడి ధైర్యానికి ఆధారం లేదని కూడా అనను. 1973లో ప్రపంచ కరెంటులో నాలుగో వంతు చమురు నుంచే వచ్చేది. ఆ అక్టోబరులో అరబ్ దేశాలు అమెరికా, నెదర్లాండ్స్ లాంటి దేశాలకు సరఫరా ఆపేశాయి, కొద్ది నెలల్లో ధర బ్యారెల్‌కి 3 డాలర్ల నుంచి 12 డాలర్ల దగ్గరికి పోయింది. నెదర్లాండ్స్‌లో ఆదివారాలు కార్లు బయటికి తీయకూడదన్నారు, పిల్లలు హైవేల మీద స్కేటింగ్ చేసిన ఫోటోలు ఇప్పటికీ కనిపిస్తాయి. అమెరికాలో వేగాన్ని గంటకు 55 మైళ్లకు కట్టేశారు. ఫ్రాన్స్ 1974లో అణు కేంద్రాల ప్రణాళిక వేసి, చమురుతో కరెంటు తీయడం దాదాపు మానేసింది. ఆ నాలుగో వంతు 3 శాతం లోపుకు రావడానికి కాలం పట్టింది, కానీ వచ్చింది. బాయిలరు కింద మంట మార్చడం తేలిక కాబట్టి అక్కడ ముందు సాధ్యమైంది. మిగిలినవన్నీ మార్చడానికి కష్టమైన పనులు.

ఇక నిజంగా తగ్గిన దేశం అంటే క్యూబా. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయాక వాళ్లకు వచ్చే చమురు సగానికి పైగా పడిపోయింది. ట్రాక్టర్లు ఆగి ఎద్దులు వచ్చాయి, చైనా నుంచి పది లక్షలకు పైగా సైకిళ్లు తెప్పించారు, లారీ వెనకాల పెట్టె కట్టి ఒక్కో దాంట్లో వందల మందిని ఎక్కించారు, ఊరి మధ్య ఖాళీ జాగాల్లో కూరగాయలు వేశారు. ఈ కథను చాలామంది అందంగా చెప్తారు. కానీ జనం చిక్కిపోయారు, పోషకాలు చాలక 50 వేల మందికి పైగా చూపు మందగించే నరాల జబ్బు వచ్చింది. ఆ రెండో సగం చెప్పకుండా మొదటి సగం చెప్పేవాళ్లంటే నాకు కోపం. అదే కాలంలో ఉత్తర కొరియాలోనూ సోవియట్ సాయం ఆగిపోయింది, వరదలూ తోడయ్యాయి, అక్కడ లక్షల మంది ఆకలితో చనిపోయారు. క్యూబాలో రేషను పుస్తకం ఉంది, ఉన్నది తక్కువైనా ఇంటింటికీ చేరింది. చమురు ఎంత తగ్గిందన్నదానికంటే, మిగిలింది ఎవరికి ముందు అన్నదాని మీదే ప్రాణాలు ఆధారపడ్డాయని నేను అనుకుంటాను.

2005లో రాబర్ట్ హిర్ష్ బృందం అమెరికా ఇంధన శాఖ కోసం ఒక నివేదిక రాసింది. శిఖరానికి ఇరవై ఏళ్ల ముందు నుంచే పెద్ద ఎత్తున మార్పు మొదలుపెడితే కొరత రాకుండా చూసుకోవచ్చు, పదేళ్ల ముందు మొదలుపెడితే మరో పదేళ్లు లోటుతో బతకాలి, శిఖరం వచ్చాక మొదలుపెడితే ఆ లోటు రెండు దశాబ్దాలకు పైనే ఉంటుంది అని అందులో తేల్చారు. ఎందుకంటే లారీ పదిహేనేళ్లు నడుస్తుంది, ఓడా విమానమూ పాతికేళ్లు పైగా, ఊళ్లు కట్టిన తీరు వందేళ్లు ఉంటుంది. రెండోవైపు గారు అన్నట్టు తేదీ ఎవరికీ తెలియదు. తేదీ తెలియకపోవడమే ముందుగా మొదలుపెట్టడానికి కారణం కావాలి, ఆగడానికి కాదు. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వితే నీళ్లు పడేసరికి బూడిదే మిగులుతుంది.

నా మటుకు నేను కోరేది, కొరత రాకముందే వరస రాసి పెట్టుకోవాలి. పొలం, అంబులెన్సు, తిండి మోసే లారీ, మంచినీళ్ల పంపులు ముందు. షికార్లూ చిన్న దూరాల విమానాలూ చివర. ఇప్పుడు ఆ వరస ధర నిర్ణయిస్తోంది, అంటే డబ్బున్నవాడి షికారు పేదవాడి పంపుసెట్టు కంటే ముందుంటుంది. నాకు ఇది న్యాయంగా అనిపించదు.

సరుకుబండి:

నిదానం గారూ, వరస రాయడం మంచిదే, నేనూ కోరుకుంటాను. కానీ ధరను పూర్తిగా పక్కన పెడితే దొంగ బజారు మొదలవుతుంది, అది పేదవాణ్ణి ఇంకా ముందు ముంచుతుంది. 1970లలో అమెరికాలో ధరలు కట్టేస్తే బంకుల ముందు కిలోమీటర్ల వరసలు తయారయ్యాయి. తిండికీ వైద్యానికీ కొంత పక్కన పెట్టి మిగతాది ధరకు వదలాలని నా అభిప్రాయం. ఇంకా, మీరు రైలు మాట ఒక్క వాక్యంలో తేల్చేశారు. నేను లారీల మీద బతికేవాణ్ణే, అయినా చెప్తున్నా, దూరపు సరుకును తీగ కింద రైలుకు ఎక్కించడం కంటే పెద్ద ఆదా ఇంకేదీ లేదు. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రానికి రాపిడి చాలా తక్కువ. లారీలు స్టేషన్ నుంచి చివరి యాభై కిలోమీటర్లు తిరిగితే చాలు, అప్పుడు వాటికి బ్యాటరీ కూడా సరిపోతుంది. నా పని కొంత పోతుంది, పోనివ్వండి.

రెండోవైపు:

దీనికి నేనూ ఒప్పుకుంటున్నాను. బావిఊట గారితో నాకున్న తగువు అలాగే ఉంటుంది కానీ, రైలు విషయంలో బావులు ఎండినా, వాడకమే తగ్గినా నష్టపోయేదేమీ లేదు. 2008లో నాకు ఇలా ఎవరైనా చెప్పి ఉంటే, ఒక్కడినే పారిపోయే దారి వెతకడం మానేసి ఇలాంటి వాటి కోసం అడిగేవాణ్ణి.

పడమటిగాలి:

ఇవన్నీ నిన్న రాత్రి అమ్మాయికి చదివి వినిపించాను. క్యూబా దగ్గర చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటే అడిగింది: "రిఫైనరీలు తగ్గిపోతే మరి ఎరువుకు గంధకం ఎక్కణ్ణుంచి తెస్తారు?" దీనికి నా దగ్గర జవాబు లేదు. సరుకుబండి గారికిగానీ బావిఊట గారికిగానీ తెలుసా?

బావిఊట:

తెలుసండి. చమురు నుంచి తీయడం మొదలుకాక ముందు గంధకం తవ్వి తీసేవాళ్లే. చాలాకాలం సిసిలీ గనులే ప్రపంచానికి ఆధారం, అక్కడ పసిపిల్లలతో బుట్టలు మోయించిన చరిత్ర ఉంది. 1890లలో ఫ్రాష్ అనే ఆయన అమెరికాలో ఒక పద్ధతి కనిపెట్టాడు. బాగా మరిగిన నీళ్లు ఒత్తిడితో భూమిలోకి పంపి, గంధకాన్ని లోపలే కరిగించి, గాలితో పైకి తోడతారు. గంధకం ఉండే పైరైట్ అనే రాయిని కాల్చి కూడా ఆమ్లం చేయొచ్చు, చైనాలో ఇప్పటికీ చేస్తారు. రాగి, జింకు కరిగించే కొలిముల పొగ నుంచి కూడా చాలా వస్తుంది. కాబట్టి దొరకదని కాదు, ఇప్పుడు వ్యర్థంలా చవగ్గా వస్తున్నదాన్ని మళ్లీ తవ్వి తీయాలి, నీళ్లు మరిగించడానికి మళ్లీ ఇంధనం కావాలి, ఎరువు ధర ఆ మేరకు పెరుగుతుంది. అమ్మాయికి ఇంకేమైనా సందేహాలుంటే ఇక్కడే రాయమనండి, తెలిసినంత చెప్తాను.